నేను వెనక్కి పంపిన విత్తనాల మూట

సహోదరులారా, సహోదరీలారా, వానలు మొహం చాటేసిన ఆ ఏళ్లలో నా మనసు మన చేలకంటే ముందే ఎండిపోయింది, ఆ ఎండిన మనసుతోనే సంఘపెద్దనని మీ ముందు నిలబడి ప్రార్థనలు చేశాను, దేవుడు నన్ను క్షమించును గాక!

వేరుశనగ విత్తేముందు ఒక ఆదివారం ఇంటింటివారూ విత్తనాల మూటలు మందిరానికి తెస్తారు, సంఘపెద్ద ఒక్కో మూట మీద చేయి పెట్టి ప్రార్థిస్తాడు, ఇది మన పెద్దల నాటి అలవాటు. ఆ ఏడు ఊరి పిల్లలు వాన రావాలని మట్టితో వానదేవుణ్ణి చేసి తలకెత్తుకుని ఇల్లిల్లూ తిరిగితే, నా తమ్ముడు రత్నప్ప భార్య మార్తమ్మ ఆ బొమ్మ మీద చెంబెడు నీళ్లు పోసిందని నాకు తెలిసింది. ఆదివారం ఆమె మూట మీద నేను చేయి పెట్టలేదు. ఏలీయా ప్రవక్త కాలంలో జనం బయలు అనే విగ్రహానికి మొక్కినందుకు దేవుడు వాన ఆపేశాడు, మనకు ఆపించింది ఈమె చెంబే అని అందరి ముందూ అన్నాను.

"పిల్లోళ్లు ఎండలో వాకిట నిలబడినారు బావా, నీళ్లు పోస్తే తప్పా?" అని ఆమె అడిగింది.

మూట తీసుకుని పొమ్మన్నాను. రత్నప్ప దాన్ని భుజానికెత్తుకుని, "ఏమన్నా, వాన తాళంచెవి నీ జేబులోనే ఉండాదా?" అని భార్యతో వెళ్లిపోయాడు. వాళ్లు మళ్లీ మందిరానికి రాలేదు.

మరుసటి ఎండాకాలం నా బోరు ఎండింది, తోటలో చీనీ చెట్లు, అదే బత్తాయిలు, ఆకు ముడిచాయి. నేను నమ్మింది కొట్టే దేవుణ్ణే కాబట్టి ఇప్పుడు నన్ను కొడుతున్నాడనుకున్నాను. "ప్రభువా, ఏ పాపానికి?" అని అడిగి, జవాబు వస్తుందేమోనని భయపడి నేనే ఆమెన్ అనేసేవాణ్ణి. తోటకు వెళ్లే ఓపిక కూడా పోయింది.

ఒక ఉదయం రత్నప్ప ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు కట్టుకొచ్చాడు. నేను నిలబడి చూస్తున్నాను.

"ఏమప్పా చూస్తాండావు, పైపు పట్టు. కోపం నీ మీద గానీ చెట్ల మీద కాదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం బైబిలు తెరిస్తే, నేను శిక్షలు వెతికే పేజీల అంచులు నా వేళ్ల మట్టితో ఎర్రగా ఉన్నాయి, సువార్తల పేజీలు తెల్లగా ఉన్నాయి. సిగ్గేసింది! అక్కడ ఒక ఊరు యేసును రానివ్వకపోతే, ఏలీయాలా ఆకాశం నుంచి అగ్ని రప్పిద్దామా అని శిష్యులు అడిగారు, ప్రభువు వాళ్లనే గద్దించి ఇంకో ఊరికి నడిచి వెళ్లాడు. మళ్లీ వెనక్కి తిప్పి ఏలీయా కథ నేను ఆపేసిన చోటు నుంచి చదివాను. అలసిపోయి చావు కోరుకున్న ఆ ప్రవక్తకు దేవుడు రొట్టె, నీళ్లు పంపాడు, అగ్నిలో కాదు, మెల్లని స్వరంలో పలికాడు. దేవుడు మారాడో, ఆయన్ని చూసినవాళ్ల చూపు తేటపడిందో చెప్పే చదువు నాకు లేదు. నేను మాత్రం సగం దారిలో ఆగి, ఆయన పిడికిలి చూసి ముఖం చూశాననుకున్నాను.

"తండ్రీ, నీ పేరు చెప్పి కొట్టింది నేనే" అని ఏడ్చాను.

ఆ తర్వాత వానలు కురిశాయని చెప్పలేను సహోదరులారా. సగం చెట్లు పోయాయి, నా ఒళ్లూ అలసిపోయింది. కానీ ఆ భయం నుంచి, ఆ కఠినమైన నోటి నుంచి ఆయన నన్ను విడిపించాడు, దేవునికే మహిమ! తమ్ముడింటికి వెళ్లి తప్పు ఒప్పుకుంటే మార్తమ్మ తలుపు తీసింది గానీ, "నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వాపసు తీసుకో బావా" అంది.

అందుకే ఈరోజు నిలబడ్డాను. ఆ మాట వాపసు తీసుకుంటున్నాను. వాన ఆగింది ఆమె వల్ల కాదు. నాలా వణుకుతూ దేవుణ్ణి కొలిచేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆగినచోట ఆగిపోకండి, ఇంకొన్ని పేజీలు తిప్పండి, దాహమైనవాళ్లకు నీళ్లిచ్చే ఆయన్ని నమ్మండి.

ఈ ఏడు నేను ఎవరి మూట మీదా చేయి పెట్టను. ఇదిగో, నా మూట. మార్తమ్మా, తలుపు దగ్గరే నిలబడ్డావు, లోపలికి రా తల్లీ. దీని మీద నువ్వు చేయి పెట్టు.