బీరువా చూపించిన ఉత్తరం

ఎనిమిదో తరగతిలో నాకున్నంత నోరు మా గల్లీలో ఎవరికీ లేదు. స్కూల్లో ఏది నేర్చుకున్నా సాయంత్రానికల్లా ఇంట్లోవాళ్లకు పాఠం చెప్పి తీరాల్సిందే. ఆ నోరే మా బాపును ముంచింది.

అప్పటికి బాపుకు పక్షవాతం వచ్చి అయిదు నెలలు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి, రెండు కళ్లు మిగిలాయి. మెట్లెక్కలేడని దబీర్‌పురాలో ఒక కింది అర్ర కిరాయికి తీసుకుని నెల కూడా కాలేదు. అర్ర ఎంత ఇరుకంటే ఇనప మంచం పొడుగ్గానే పడుతుంది, అడ్డంగా పట్టదు. ఒక కొసన గల్లీలోకి తలుపు, రెండో కొసన బీరువా. బాపు తల బీరువా వైపు ఉండేది. రెండు దిండ్లు పెడితే గల్లీ మొత్తం కనబడేది. వచ్చేపోయేవాళ్లు "సలాం భాయ్" అనో, "మంచిగున్నవా అన్నా" అనో పలకరిస్తే ఎడమ చెయ్యెత్తేవాడు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పొద్దంతా మనుషులతో మాట్లాడి బతికినవాడు. ఇప్పుడు ఆయన మాటంతా ఆ చేతిలోనే ఉంది.

ఆ చలికాలం సైన్స్ టీచర్ మాకు దిక్కులు కనిపెట్టడం నేర్పింది. సూదిని అయస్కాంతం మీద ఒకేవైపుగా రుద్ది, థర్మాకోల్ ముక్క మీద పెట్టి నీళ్లలో వదిలితే ఎర్రరంగు పూసిన మొన ఉత్తరానికి తిరుగుతుంది. "ఎన్కట ఓడలోళ్లు నడి సముద్రంల గిట్లనే తొవ్వ ఎతుక్కునేటోళ్లు" అంది. మూసీ తప్ప వేరే నీళ్లు చూడని నేను పొంగిపోయి సూదిని ఇంటికి తెచ్చాను.

పెరుగు డబ్బాలో నీళ్లు పోసి, వేరే జాగా లేక బాపు తలాపిన స్టూలు మీద పెట్టాను. సూది కాసేపు ఊగి, ఎర్ర మొన సరిగ్గా ఆయన తల పెట్టుకున్న దిక్కుకే తిరిగి ఆగింది.

"నాయినమ్మా, ఉత్తరం దొరికింది!" అని అరిచాను.

నాయనమ్మ చేతిలో చాట కిందపెట్టేసింది. ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. చుట్టూ మూడంతస్తుల ఇళ్లు. మిట్టమధ్యాహ్నం తప్ప సూర్యుడు కనపడని ఆ గల్లీలో ఏ దిక్కు ఏదో మాలో ఒక్కరికీ తోచలేదు, అంతే.

"ఓరి దేవుడా! ఉత్తరం తలాపి పెట్టి పండవెట్టినమా బిడ్డను? గిందుకేనా వాడు లేస్తలేడు?"

పక్కింటి అన్న వచ్చి తన ఫోన్‌లో దిక్సూచి తెరిచి అదే స్టూలు మీద పెట్టి చూశాడు. "ఫోన్‌ల గూడ గట్లనే చూపిస్తుంది" అన్నాడు. ఇంకేముంది! పది నిమిషాల్లో నలుగురు కలిసి బాపును దించి, మంచాన్ని గల్లీలోకి తీసి తిప్పి వేశారు. బాపు తల తలుపు వైపు, మొహం బీరువాకి. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "సూశిన్రా!" అని నాయనమ్మ మురిసిపోయింది.

మర్నాడు ఇదంతా గొప్పగా చెబితే టీచర్ మొహం మారింది. "దగ్గర్ల ఇనుమేమన్న ఉండెనా?"

"బీరువ ఉండె మేడం."

"అయ్యో పిల్లా, సూదిని బీరువ గుంజుకుంది."

 ఇంకో పద్ధతి అడిగితే పుల్ల నిలబెట్టి నీడ చూడమంది. మధ్యాహ్నం అన్నిటికంటే పొట్టిగా పడే నీడ ఉత్తరం చూపిస్తుందట. ఆదివారం డాబా ఎక్కి, సుద్దముక్కతో గీతలు పెడుతూ గంటన్నర ఎండలో కూర్చున్నాను. నీడ పక్కగోడ వైపు పడింది. బట్టలారేయడానికి వచ్చిన పై పోర్షన్ ఖాలా సంగతి విని నవ్వింది. "అరే బేటా, ముఝే పూఛ్‌నా థా! ఖిబ్లా గల్లీ కీ తరఫ్ హై." తననడిగితే సరిపోయేదట, నమాజుకు తిరిగే దిక్కు గల్లీ వైపేనట. రోజుకు అయిదుసార్లు పడమటికి తిరిగి నమాజు చేసే మనిషి. గల్లీ పడమర అయితే బీరువా తూర్పు. బాపు ఇన్నాళ్లూ నాయనమ్మ శాస్త్రం ప్రకారమే, తూర్పు తలాపితో, చక్కగా పడుకున్నాడు!

మెట్లు దూకుతూ కిందికి వచ్చి చెప్పాను. నాయనమ్మ తల కూడా ఎత్తలేదు.

"అది వాళ్ల దిక్కు బిడ్డా. మన దిక్కులు వేరె."

ఖాలా చాయ్ పంపితే తాగుతుంది. ఖాలా తెచ్చిన తాయెత్తు బాపు మెడలో కట్టింది. దిక్కు దగ్గరికి వచ్చేసరికి వేరా? "సూర్యుడు గూడ వాళ్లోడేనా?" అన్నాను. అప్పుడే దవాఖానాలో ఆయా డ్యూటీ దిగి వచ్చిన అమ్మ నెత్తిమీద ఒక్కటి మొట్టింది. "నీ సూదితోనే గదనే గీ లొల్లంత షురూ అయ్యింది. ముసలామెతోని కొట్లాడే ఓపిక నాకు లేదు."

తలుపులోంచి చూసేవాళ్లకు ఇప్పుడు బాపు నడినెత్తి ఒక్కటే కనబడేది. "సలాం భాయ్" వినపడగానే ఆయన బీరువా వైపు చెయ్యెత్తేవాడు. అది దిండు చాటున ఎవరి కంటికీ ఆనేది కాదు. మెల్లగా పలకరింపులు తగ్గాయి. నాకు ఏడుపొచ్చేది, కోపమొచ్చేది, నా నాలుక కోసుకోవాలనిపించేది.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ కూరగాయలకు వెళ్లినప్పుడు మంచం నేనే తిప్పుదామని పట్టుకున్నాను. బాపు కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. మంచం జానెడు జరిగి గోడకు ఇరుక్కుంది. ఇటు రాదు, అటు పోదు. అప్పుడే నాయనమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. సంచి పక్కన పెట్టి మంచం పట్టె మీద కూలబడింది.

"తప్పో ఒప్పో నాకెర్కలేదే. దవాఖానోళ్లు చేతులెత్తేసిన్రు. నా కొడుక్కు నాతోని అయింది గిదొక్కటే. గిది గూడ గుంజుకుంటవా?"

 మంచం కోడు వదిలేశాను.

తలుపు దగ్గర ఎవరివో చెప్పుల చప్పుడు ఆగింది. "సో రహే, మత్ ఉఠావ్" అని, నిద్రపోతున్నాడు లేపొద్దన్నట్టు, ఒకరు ఇంకొకరితో మెల్లగా చెప్పి వెళ్లిపోయారు. బాపు చెయ్యి అప్పటికే లేచి ఉంది. చలి పెడుతుందేమోనని నాయనమ్మ ఆ చేతిని పట్టుకుని దుప్పటి కిందికి పెట్టింది.