మొదటి బల్ల మీద శౌరమ్మ

మా చర్చి విచారణ కిందున్న ఊళ్లలో పూజ ఒక్కటీ మానకుండా, పూజలో ఫాదర్ గారు అప్పంగా పంచే సత్ప్రసాదం మాత్రం ఏళ్ల తరబడి పుచ్చుకోని మనిషి శౌరమ్మ ఒక్కతే. ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సుకాలంలో, శుక్రవారాల్లో సిలువ మార్గం ప్రార్థన అయ్యేదాకా పచ్చి మంచినీళ్లైనా ముట్టదు. సత్ప్రసాదానికి అందరూ లేస్తే, ఆమె మొదటి బల్ల మీద అలాగే కూర్చుంటుంది. మనసులో పగ పెట్టుకుని సత్ప్రసాదంలోని దేవుణ్ణి పుచ్చుకోకూడదని చిన్నప్పుడే నేర్చుకుంది. పగ వదలడం కుదరదు కాబట్టి దేవుణ్ణే ఆపి ఉంచింది.

ఆ పగ మరిది రాయప్ప మీద. పార్టీ గొడవల కేసులో సొంత అన్న మీద కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పాడతను. ఆ అన్న, శౌరమ్మ భర్త, జైల్లోనే చచ్చిపోయాడు. రాయప్ప ప్రతి ఆదివారం ఆమె మోకాళ్ల ముందు నుంచే సత్ప్రసాదానికి నడవాలి, ఊరంతా అది చూడాలి. ఆమె మొదటి బల్ల మీదే కూర్చునేది అందుకే.

ఈ ఏడు, ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం ముందురోజు, ఆమె మిరపకల్లంలో తాలుకాయలు ఏరుతుంటే రాయప్ప వచ్చి నిలబడ్డాడు.

“తప్పైంది వదినా. ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనంలో అంతా చెప్పేశా. నిన్ను క్షమాపణ అడగమన్నారు.”

“అబద్ధం కోర్టులో అందరి ముందు చెప్పి, నిజం కల్లంలో నా ఒక్కదానికి చెప్తున్నావేంది? చర్చిలో మైకు ముందు చెప్పు.”

అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఈస్టర్ నాడు సత్ప్రసాదం వరుసలో వస్తూ, ఆమె బల్ల దగ్గర ఆగిపోయాడు. వెనకవాళ్లూ ఆగారు. శౌరమ్మ కాళ్లు లోపలికి లాక్కుని, అందరికీ వినబడేలా అన్నది.

“దారి ఇచ్చాగా రాయప్పా, పో. మీ అన్న అడ్డం రాడులే.”