మందు సీసాలో పచ్చపురుగులు

పురుగు కడుపులో గుట్టు రట్టు చేస్తానని బయల్దేరి నా పరువు ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఎన్ని మందులు కొట్టినా పత్తి మీద శనగపచ్చ పురుగు చావని రోజులవి. పర్చూరు దగ్గర మా మస్తాన్ బాబాయ్ చేలో ఏ కాయ చూసినా పురుగే. నేనేమో గుంటూరులో పరిశోధన చేస్తున్నాను. పురుగు కడుపు రసంలో లెక్కలేనన్ని ప్రోటీన్లు కలగలిసి ఉంటాయి. వాటిలో మందును పట్టేసి పురుగును కాపాడుతున్నది ఏదో తేల్చాలి. అందుకు మా ల్యాబులో ఒక రసాయనం ఉండేది. చురుగ్గా పనిచేస్తున్న ప్రోటీన్లకే అతుక్కుని వెలుగుతుంది. పనిచేయని వాటి జోలికి పోదు.

బాబాయ్ పురుగులు ఏరి, నాలుగు ఆకులు వేసి, ఒక ఖాళీ సీసా చేతికిచ్చాడు.

"ఇదేం సీసా బాబాయ్?"

"మందుదేలేమ్మా, బాగా కడిగా. దీని అంతేందో తేల్చు. ఈ ఏడు కూడా పోతే ఇక పత్తి మాట ఎత్తను."

ఆ మాటే తలుచుకుంటూ బస్సెక్కాను. సీసా గురించి మళ్ళీ ఆలోచించలేదు.

ల్యాబులో కడుపు రసంలోని ప్రోటీన్లను విడదీసి ఫోటో తీస్తే, పనిచేసే ప్రతి ప్రోటీనూ ఒక గీతలా వెలగాలి. నా ఫోటో అంతా నల్లగా వచ్చింది. ఒక్క గీతా వెలగలేదు. బుద్ధున్నవాళ్ళయితే పరీక్ష మళ్ళీ చేస్తారు. నేను నా పరిశోధనకు గైడయిన మేడమ్ గదిలోకి పరుగెత్తాను.

"మేడమ్! ఈ పురుగులో ఆ ప్రోటీన్లే లేవు. కొత్త జాతి!"

మేడమ్ ఫోటోను చాలాసేపు చూశారు.

"లేవా, పనిచేయట్లేదా? పురుగుల్ని దేంట్లో తెచ్చావు?"

"పురుగుమందు సీసాలో మేడమ్. బాగా కడిగిందే."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మన రసాయనం అతుక్కునే చోటే ఆ మందూ అతుక్కుంటుందని నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు మేడమ్."

"ఎవరు?"

"మీరే."

సీసా గోడలకు మిగిలిన మందు ఆకులకంటింది, ఆకులు తిన్న పురుగుల కడుపులో ముందే చోటు పట్టేసింది. తర్వాత వెళ్ళిన మా రసాయనానికి అతుక్కునే చోటే దొరకలేదు.

శుభ్రమైన గాజు సీసాతో మళ్ళీ పర్చూరు వెళ్ళాను. చేను బోడిగా ఉంది. బాబాయ్ గట్టు మీద కూర్చున్నాడు.

"పీకేశానమ్మా. ఇక నా వల్ల కాలా."

నేనూ పక్కనే కూలబడ్డాను. కళ్ళు తుడుచుకుని, "మరి నా పురుగులు?" అన్నాను.

బాబాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. ఆ ఏడు ఆయన నవ్వడం అదే మొదటిసారేమో. అదే పురుగు పట్టిన పక్క మిరపతోట వైపు తిరిగి అరిచాడు: "ఒరేయ్ యోహానూ! మా అమ్మాయి పురుగుల్లేవని ఏడుస్తోందిరా! నీ తోటలో ఉన్నాయా?"

"ఏరా, ఎగతాళా? బస్తాలకెత్తుకోమను!"

ఆ పురుగులతో గీత వెలిగింది, మందంగా, దివ్యంగా. అయినా ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను: ఇక జన్మలో ఫోటో పట్టుకుని మేడమ్ గదిలోకి పరుగెత్తను. నడిచే వెళతాను.