గానుగ అడిగిన రక్తం

నా ఎడమ బొటనవేలి గోరు ఇవాళ్టికీ వంకరగానే పెరుగుతుంది. మూఢనమ్మకం మీద నేను సాధించిన ఘనవిజయానికి అదే స్మారకచిహ్నం. ఆ విజయం నన్నెలా ముంచిందో చెబుతాను.

అవి యాభైల రోజులు. చోడవరం పక్కన ఇంజనుతో తిరిగే చెరకు గానుగలో నేను గుమాస్తాను. దేవుడే ఎదురుపడినా ఒక అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టి చర్చకు పిలిచే వయసు.

ఏటా గానుగాట మొదలుపెట్టే ముందు రోలర్ల మీద కోడిపుంజును కోసేవారు. కోయకపోతే మిషను మనిషి రక్తం అడుగుతుందట!

“ఇనుముకు దాహమేమిటి? అజాగ్రత్త వల్లనే వేళ్లు నలుగుతాయి,” అన్నాను.

“మరి నిరుడు సూరిగాడి ఏలు ఎలాగెల్లిపోయింది బాబూ?” అన్నాడు మేస్త్రీ అప్పలనాయుడు.

“నిరుడు కోడిని కోశారా?”

“కోసేం.”

“మరి?”

“సిన్న కోడి బాబూ.”

ఇటువంటి తర్కానికి ఏ సభలోనూ నాకు శిక్షణ ఇవ్వలేదు.

చెరకు అందించే పైడమ్మ తీర్పు చెప్పింది: “ఈయేడు కోడి మానీద్దుం. రగతం సుక్క పడిందా, బాబే కోడిని కొయ్యాల!”

ఆనపకాయను కూడా తిన్నగా కోయలేని నేను ఒప్పుకున్నాను.

ఇక చూడండి నా పరిపాలన! కండువాలు విప్పించాను. కొంగులు నడుముకు చుట్టించాను. ఇంజను బెల్టు చుట్టూ వెదురు తడిక కట్టించాను. ఎవరి చెయ్యి రోలర్ల వైపు జరిగినా పైడమ్మ అరిచేది: “ఒరే, సెయ్యి తియ్యి! బాబుకి కోడి కొయ్యడం రాదు!”

ఆ ఏటి గానుగాట ముగిసింది. చుక్క రక్తం పడలేదు. ఆఖరి రోజు అందరినీ పిలిచి, గానుగ పైనున్న దూలానికి బోర్డు కొట్టబోయాను. దాని మీద నేనే రాశాను: ‘పనిలో కబుర్లు వద్దు. చేతకాని పనిముట్టు ముట్టవద్దు.’

“సుత్తి మేస్త్రీకిచ్చీండి బాబూ,” అంది పైడమ్మ.

“ఇది నా చేతుల మీదుగానే జరగాలి! సోదరులారా, ఈ గానుగ రక్తం అడిగిందా? లేదు! ఎందుకు అడగలేదు? ఎందుకంటే...”

సుత్తి దిగింది. మేకు తప్పుకుంది. వేలు తప్పుకోలేదు.

చుక్క తిన్నగా రోలరు మీద పడింది. అప్పలనాయుడు వంగి, శ్రద్ధగా చూశాడు.

“అడిగింది బాబూ.”

పైడమ్మ నా వేలికి గుడ్డ చుట్టి, అదే చేత్తో కోడిపుంజును పట్టుకొచ్చింది. “మాటంటే మాటే. కొయ్యండి బాబూ.”

“కోడెందుకే? కావలసింది అది పుచ్చీసుకుంది కదా!” అని మేస్త్రీ పుంజును వదిలేశాడు. అది నా వైపు కృతజ్ఞతగానైనా చూడకుండా వెళ్లిపోయింది.

మరుసటి ఏడు గానుగాట మొదలయ్యే రోజున మేస్త్రీ, పైడమ్మ ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తడిక అలాగే ఉందట, బోర్డు కూడా ఉందట. నేను పొంగిపోయాను.

“కోడి మానీసేం బాబూ,” అన్నాడు అప్పలనాయుడు వినయంగా. “తమరే సుత్తట్టుకుని ఒక్కపాలి రండి.”

అందుచేత, ఏ దేవుణ్ణీ సాక్ష్యానికి పిలవకుండా, ఈ వంకర గోరు మీద ప్రమాణం చేస్తున్నాను: వాదించేటప్పుడు సుత్తి పట్టను, సుత్తి పట్టినప్పుడు వాదించను.