చెవులపిల్లి కొరికిన గొడుగు

మావైపు కుందేలుని చెవులపిల్లి అంటారు. అది పిల్లీ కాదు, పుట్టగొడుగు గొడుగూ కాదు. వాన వెలిసిన పొద్దున్న రెండూ మా కొబ్బరితోటలో పుట్ట దగ్గరే కనబడతాయి. చెవులపిల్లికి భయమేస్తే పరుగెడుతుంది కాబట్టి దాని సంగతి మనకి తెలిసిపోతుంది. పుట్టగొడుగు మాత్రం ఉలకదు, పలకదు. విషమున్నదీ లేనిదీ ఒకేలా తెల్లగా నిలబడి ఉంటుంది.

కిందటి వానాకాలం నేను వెళ్లేసరికి చెవులపిల్లి ఒకటి పుట్ట పక్కనుంచి గెంతి గట్టు దాటింది. అక్కడ గుత్తులుగా పుట్టగొడుగులు. ఒకదాని అంచు కొరికి ఉంది. అది తిన్నదంటే మంచివేనని తేల్చేశాను. చదువుకున్నదాన్నే, నా తెలివి అలా ఏడిసింది. పైపైన తుంచుకొచ్చి కూర వండి, ఆరేళ్ల నా కూతురికి ముద్దలు కలిపి పెట్టాను. శనివారం ఉపవాసమని నేను తినలేదు.

మధ్యాహ్నం అంబాజీపేట నుంచి వచ్చిన మా అత్తగారు గిన్నె మూత తీసి చూశారు.

"వేరుతో పీకేవా, తుంచేవా?"

"తుంచేనండీ. చెవులపిల్లి కొరికింది కదా అని..."

"చెవులపిల్లి గడ్డి తింటుందే. అది నత్త కొరికింది. నత్తకి విషమైనా అరుగుద్ది. వేరు పుట్టలోకి దిగితేనే మనం తినేది."

"కడుపు నొప్పిగా ఉందా?" అని పిల్లని అడిగాను. లేదంది. మళ్లీ అడిగాను, మళ్లీ అడిగాను. ఎన్నోసారో "ఉంది" అనేసింది.

మా ఆయనకి ఫోన్ చేసి బండి తెమ్మన్నాను. ఆయన వచ్చేలోగా గునపం పట్టుకుని తోటలోకి పరుగెత్తాను. అత్తగారు వెనకే వచ్చారు. తవ్వితే తెల్లటి సన్నని వేరు జానెడు లోతున పుట్టమట్టిలోకి దిగి ఉంది.

"మంచివేనే, ఏడవకు," అన్నారావిడ.

నాకు నమ్మకం కుదరలేదు. పిల్లని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా దాని పొట్టమీద చెయ్యి తీయలేదు. డాక్టరుగారు అక్కడక్కడ నొక్కి చూసి, "లోపల ఏదైనా అవుతోందామ్మా?" అన్నారు.

"ఆయ్. ఆకలేస్తోందండీ," అంది పిల్ల.

అందరూ నవ్వారు. నేను మాత్రం గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఇప్పుడు పుట్టగొడుగులు బజార్లోనే కొంటున్నాను. అవైనా సరే, ముందు నేను తిని, ఆ పూటకి పిల్లకి పప్పన్నం పెడతాను. మర్నాటికి నాకేమీ కాకపోతేనే దాని కంచంలో వేస్తాను.