సీలు విప్పిన గేమ్ పెట్టె

వేసవికి ఎయిర్ కూలర్లు తెప్పించాల్సిన డబ్బుతో విశాఖపట్నం డీలరు దగ్గర, టీవీకి తగిలించి ఆడే మూడు గేమ్ కన్సోళ్లు కొన్న మొనగాణ్ణి నేను. గరివిడిలో మిక్సీలు, ఫ్యాన్లు అమ్ముకునేవాళ్లలో ఇంత తెగువ ఇంకెవరికీ లేదు. ఒక్కోటి నలభై ఐదు వేలు. కొట్లో సగం వాటా ఉన్న నా బావమరిది ఆ పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బావా, విశాఖపట్నంలో అమ్ముడైపోతే ఆ డీలరు మనకెందుకు అంటగడతాడు?"

ఆ అనుమానం నాకు దారిలోనే వచ్చింది. కానీ పెట్టెకు వెయ్యి చొప్పున తగ్గించి తెచ్చానన్న గర్వంలో దాన్ని పక్కన పెట్టేశాను.

బేరం మా ఇంటి చదువు. ముందు ఎక్కువ చెప్పాలి, తర్వాత బాధపడుతూ తగ్గాలి. కన్సోల్‌కీ అదే పద్ధతి పెట్టాను: యాభై ఐదు చెప్పి యాభైకి దిగడం.

నెలన్నరకు ఒక బేరం తగిలింది. ఫ్యాక్టరీ ఉద్యోగి, భార్యతో వచ్చాడు. పరీక్ష పాసైతే కొంటానని కూతురికి మాటిచ్చాడట. యాభై ఐదు వేలు చెప్పాను.

"ఇందులో ఆటలెన్నొస్తాయి?"

"ఆటలు వేరే కొనుక్కోవాలండి. ఒక్కోటి మూడున్నర వేలు."

భార్య అతన్ని మోచేత్తో పొడిచింది. "ఇన్నావా? పిల్ల ఫోన్లో ఊరికే ఆడతన్నాది కదా!"

"ముందు ఇప్పి సూపించండి. మిక్సీ అయినా తిప్పి సూడకండా తీసుకోం," అన్నాడతను.

నిజమే, మా కొట్లో ఫ్యానైనా తిప్పి చూపించాకే డబ్బులు తీసుకుంటాం. సీలు కోసి టీవీకి తగిలించి, ముందే తెచ్చిపెట్టిన ఆట డిస్కు పెట్టాను. అది ఆట మొదలెట్టకుండా ఇంటర్నెట్ అడిగింది. నా ఫోన్ నుంచి ఇచ్చాను. తెరమీద డౌన్‌లోడ్ గీత చీమలా పాకుతోంది. వాళ్లిద్దరికీ రెండుసార్లు టీ తెప్పించాను. అతను పక్కకు తిరిగి తన ఫోన్ నొక్కుతున్నాడు. నా టీ తాగుతూ ధర వెతుకుతున్నాడని నా అనుమానం.

"ఇందులో నలభై ఎనిమిదే ఉన్నాది," అన్నాడు.

"ఆ రేటుకే తీసుకెళ్లండి," అన్నాను గబుక్కున.

భార్య కళ్లు చిన్నవయ్యాయి. "నిమిషంలో ఏడు వేలు దించేసినారు. ఇందులో ఏటో ఉన్నాది."

"పైగా ఇది ఇప్పేసిన పెట్టె," అన్నాడతను.

"మీరే కదండీ ఇప్పమన్నారు!"

"ఇప్పమన్నాం. ఇప్పేసినాక కొత్తదెలాగవుతాది?"

అతని స్థానంలో నేనున్నా సరిగ్గా అదే అడిగేవాణ్ణి.

వేసవి అలాగే గడిచిపోయింది. సీలున్న రెండింటినీ శ్రీకాకుళంలో ఒక కొట్టుకి నలభై చొప్పున వదిలించుకున్నాను. విప్పినది ఎచ్చెర్లలో చదువుకునే ఒక అబ్బాయి ముప్పైకి పట్టుకుపోయాడు. చూపించడానికి కొన్న ఆట డిస్కు కూడా ఉచితంగా రాబట్టుకున్నాడు.

పెట్టెలకు లక్షా ముప్పై ఐదు వేలు, డిస్కుకు మూడున్నర వేలు పెట్టాను. తిరిగి వచ్చింది లక్షా పది వేలు. పోయింది ఇరవై ఎనిమిదిన్నర వేలు. కిందటేడు కూలర్ల మీద ముప్పై వేలు మిగిలింది. ఈసారి రాకుండా పోయిన ఆ లాభమూ కలపమని బావమరిది అడగలేదు, నేనే కలిపాను. మొత్తం యాభై ఎనిమిదిన్నర వేలు. అందులో అతని సగం ఇరవై తొమ్మిది వేల రెండువందల యాభై. ఇప్పటికి పది వేలు ఇచ్చాను.