ఖాళీ సీటుకు బెల్టు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకే. చాలా ఏళ్ళుగా ఒమన్‌లో బండి నడుపుతున్నాను. ఎడారి రోడ్ల మీద ఒంటరిగా ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. నన్ను భయపెట్టినవి రెండే: స్టీరింగ్ మీద ముంచుకొచ్చే నిద్ర, రోడ్డుకు అడ్డం వచ్చే ఒంటె. అందుకే ఇది రాయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ టూరిస్టులను తిప్పే కంపెనీలో డ్రైవర్ని, రూమ్ మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో. ఆ వారం నాకు ఒక్క రోజు కూడా సెలవు దొరకలేదు. నిజ్వా వెళ్ళినవాళ్ళను దించి వచ్చి నడుం వాల్చానో లేదో, పొద్దున్నే ఎమిరేట్స్ బార్డర్‌కు వెళ్ళి ఇంకో గ్రూపును ఎక్కించుకోమని ఫోన్. ఏం చేస్తాం, డ్యూటీ.

వాళ్ళు యూదులు. ఈ చుట్టుపక్కల దేశాల్లో ఒకప్పుడు తమవాళ్ళు బతికిన చోట్లన్నీ చూసే టూర్ అట. ఎమిరేట్స్ అయిపోయింది, ఇప్పుడు ఒమన్, ఆ తర్వాత బహ్రెయిన్. వెంట ఒక గైడు. అందరూ వయసు మళ్ళినవాళ్ళే.

వాళ్ళలో ఒకావిడకు ఎనభై దాటి ఉంటాయి. బొంబాయిలో పుట్టి పెరిగి లండన్‌లో స్థిరపడిందట. హిందీ గలగలా మాట్లాడేది, ఇంట్లో భాష మాత్రం అరబ్బీ అట. నన్ను బేటా అనేది, నేను అమ్మాజీ అనేవాణ్ణి. సోహార్ చేరేలోపే తన కథంతా చెప్పేసింది. ఆమె అమ్మమ్మ ఈ తీరంలోనే కాన్పులో పోయిందట. ఆమెను ఇక్కడే పాతిపెట్టి, పుట్టిన ఆడపిల్లను తీసుకుని ఇంటివాళ్ళు బొంబాయి వెళ్ళిపోయారు. ఆ పిల్లే అమ్మాజీ వాళ్ళ అమ్మ.

"బిడ్డ బతికిందన్న సంగతి కూడా తెలియకుండా పోయింది బేటా. ఎవరైనా వెళ్ళి ఆమెకు చెప్పండని మా అమ్మ చివరిదాకా అడిగింది. ఇక మిగిలింది నేనొక్కదాన్నే," అంది.

సోహార్ దాటాక తోటల వెనక ఒక బీడు. అక్కడ రాళ్ళ కుప్పలు తప్ప ఏమీ లేవు, ఒక్కదాని మీదా పేరు లేదు. ఇవి యూదుల సమాధులే అంటారు గానీ ఏది ఎవరిదో చెప్పలేమన్నాడు గైడు. సమాధి చూడటానికి వెళితే ఒక చిన్న రాయి పెట్టి రావడం వాళ్ళ ఆచారం. అమ్మాజీ బొంబాయిలో వాళ్ళమ్మ సమాధి దగ్గర తీసిన రాయి తెచ్చుకుంది. దాన్ని పట్టుకుని ఆ కుప్పల మధ్య అటూ ఇటూ తిరిగింది. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఏడ్చింది.

నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే జాలికన్నా అలసటే ఎక్కువ. ఎండ మాడు పగలగొడుతోంది, కళ్ళు మండుతున్నాయి, మస్కట్ ఇంకా చాలా దూరం. బండి దగ్గర నిలబడి, "చలో చలో, సబ్ ఆ జావ్!" అని, అందరూ వచ్చేయండని గట్టిగా కేకేశాను.

వెంటనే నాలుక కరుచుకున్నాను. మా వైపు శ్మశానం నుంచి వచ్చేటప్పుడు ఎవరినీ 'పోదాం రా' అని పిలవరు, పిలిస్తే పోయినవాళ్ళు వెంట వస్తారంటారు. మాట్లాడకుండా నడిచి వచ్చేస్తారు. చిన్నప్పుడు అలా పిలిచినందుకే మా నాయిన నా వీపు మీద ఒక్కటేశాడు. అది గుర్తొచ్చి నవ్వుకుంటూ బండి తీశాను.

రోడ్డెక్కగానే బెల్టు అలారం మొదలైంది. నా పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ఎర్ర లైటు వెలిగి కీ కీ అని మోగుతుంది. ఆ సీటేమో ఖాళీ. గైడు వెనక కూర్చున్నాడు. సీటు మీద నీళ్ళ బాటిల్ కూడా లేదు.

దారిలో సహం అనే ఊళ్ళో టీకి ఆపాను. అందరూ దిగారు, అమ్మాజీ ఒక్కతే దిగలేదు. సీటు కొట్టి చూశాను, కింద చెయ్యి పెట్టి వెతికాను. మోత ఆగలేదు. విసుగొచ్చి ఖాళీ సీటుకు బెల్టు పెట్టేశాను. ఆగింది. తీస్తే మళ్ళీ మొదలు.

"ఎప్పట్నుంచి ఇలా?" అంది అమ్మాజీ.

"సెన్సార్ ఖరాబైనట్టుంది. అక్కడ బయల్దేరినప్పటినుంచి," అన్నాను.

ఆమె లేచి వచ్చి సరిగ్గా ఆ సీటు వెనక కూర్చుంది. మస్కట్ దాకా ముందుకు వంగి, చెయ్యి సీటు మీద వేసి, అరబ్బీలో ఏదో మెల్లగా చెబుతూనే ఉంది. నాకొచ్చిన అరబ్బీకి అందులో అర్థమైంది ఒక్కటే మాట, బింత్. అంటే ఆడపిల్ల.

వాళ్ళను బౌషర్‌లో హోటల్ దగ్గర దించి రూమ్‌కు వచ్చి మల్లేశానికి చెప్పాను. మల్లేశం నిజామాబాద్ వాడు, నా రూమ్మేటు. "నిద్ర లేక నువ్వే మోగుతున్నవ్‌రా. గ్యారేజ్‌ల సూపియ్యి," అని అటు తిరిగి పడుకున్నాడు.

మస్కట్ చూపించినన్ని రోజులూ ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు అమ్మాజీ. పొద్దున్నే బెల్టు తీసి చూసేవాణ్ణి. మోగేది. మళ్ళీ పెట్టేసేవాణ్ణి.

చివరి రోజు ఎయిర్‌పోర్ట్‌లో అందరూ దిగాక ఆమె వచ్చి ముందు డోరు తీసింది. తన చేత్తోనే బెల్టు విప్పింది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. ఒక్క క్షణం మోగింది. ఆమె చెయ్యి చాచి, పెద్దవాళ్ళు దిగేదాకా ఆగినట్టు డోరు పట్టుకుని ఆగింది. మోత ఆగిపోయింది, లైటు ఆరిపోయింది.

"బహ్రెయిన్ అయ్యాక బొంబాయి వెళ్తాను బేటా. మా అమ్మ అక్కడే ఉంది కదా," అంది. రాయి ఆమె పిడికిట్లోనే ఉంది.

గ్యారేజీలో సీటు మొత్తం ఊడదీసి చూశారు. సెన్సార్‌లో ఏ లోపమూ లేదన్నారు. ఆ తర్వాత ఖాళీ సీటుకు ఆ అలారం ఎప్పుడూ మోగలేదు. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు, దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. మా నాయిన ఉంటే అలా పిలిచినందుకు మళ్ళీ ఒక్కటేసేవాడే. కానీ అయినవాళ్ళంతా వెళ్ళిపోయాక అన్నేళ్ళుగా ఆ బీడులో పడి ఉన్న తల్లిని, పోదాం రమ్మని ఒక్కరైనా పిలిచారా? ఆ పిలిచింది నేనే అయితే, నాకేం బాధ లేదు.